మధుమేహం: మూత్రపిండాల రక్తనాళాలు

మధుమేహం అనగానే రక్తంలో చక్కెర పెరగటం, మూత్రంలో చక్కెర పోవటం మనకు గుర్తుకు వస్తవి. కాని ఈ వ్యాధి దీర్ఘకాలంలో కలిగించే పెద్ద నష్టం రక్తనాళాలకు. గుండెకు, మెదడుకు, కాళ్ళకు పోయే ధమనులతో పాటు, కంటిలోను మూత్రపిండాలలోను ఉన్న అతి సన్నని కేశనాళికలు కూడా దెబ్బతింటవి. మూత్రపిండాలకు జరిగే హాని ఏ నొప్పీ లేకుండా సంవత్సరాల తరబడి సాగుతుంది. దానిని ముందుగా ఎట్లా పసికట్టవచ్చునో తెలియాలంటే, మొదట మూత్రపిండం పనిచేసే తీరును గమనించాలి.

రెండు మూత్రపిండాలూ కలిసి సుమారు 300 గ్రాముల బరువుంటవి. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదవ వంతు, అనగా నిమిషానికి లీటరుకు పైగా, వీటిగుండా ప్రవహిస్తుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉన్నవి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో దారపు ఉండ వంటి కేశనాళికా గుచ్ఛం ఉన్నది. దానిలోనికి రక్తాన్ని తెచ్చేది అభివాహి ధమనిక, బయటికి కొనిపోయేది అపవాహి ధమనిక. గుచ్ఛంలోని పీడనం వల్ల నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా నాళికల గోడగుండా బయటికి వస్తవి. రక్తకణాలు, ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రోటీన్లు లోపలనే నిలుస్తవి. ఇట్లా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకట్టబడుతుంది. అందులో ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా పోయి, తక్కినదంతా తిరిగి రక్తంలో చేరుతుంది.

ఈ వడపోత గోడకు మూడు పొరలు ఉన్నవి. లోపల సన్నని రంధ్రాలు గల కణాల పొర, దానిపై ఆధార త్వచం, ఆ పైన పాదకణాలు. పాదకణాల అంచులు, వేళ్ళలో వేళ్ళు దూర్చి పట్టుకున్నట్లు, ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటవి. ఇవి రాలిపోతే వాటి స్థానంలో కొత్తవి పుట్టటం అరుదు.

మధుమేహంలో ఈ గోడకు రెండు విధాల హాని జరుగుతుంది. మొదటిది రసాయనికం. అధికంగా ఉన్న గ్లూకోజు ప్రోటీన్లకు అతుక్కొని వాటి స్వభావాన్ని మారుస్తుంది. ఆధార త్వచం మందమవుతుంది, కాని దాని వడపోత గుణం చెడుతుంది. నాళికల మధ్య ఉన్న పదార్థం పెరిగి వాటిని నొక్కుతుంది. ఈ పదార్థం గుండ్రని ముద్దలుగా చేరటాన్ని కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే వైద్యులు 1936లో వర్ణించారు.

రెండవది పీడనం వల్ల కలిగే హాని. వడకట్టిన ద్రవంలో గ్లూకోజు ఎక్కువైనప్పుడు నెఫ్రాన్ దానిని సోడియంతో కలిపి ఎక్కువగా పీల్చుకుంటుంది. అందువల్ల ముందుకు పోయే ఉప్పు తగ్గుతుంది. ఆ ఉప్పును కనిపెట్టి చూసే కణాలు, వడపోత తగ్గిందని పొరబడి అభివాహి ధమనికను వెడల్పు చేయిస్తవి. గుచ్ఛంలో పీడనం పెరుగుతుంది. మొదట్లో మూత్రపిండం మామూలుకన్న ఎక్కువ పనిచేస్తున్నట్లే కనబడుతుంది. అదే దాని అరుగుదలకు ఆరంభం. కొన్ని గుచ్ఛాలు మచ్చకట్టి పూడిపోగా, మిగిలినవాటిపై భారం మరింత పడుతుంది.

గోడ చెడినదనటానికి సాక్ష్యం మూత్రంలో ఆల్బుమిన్ కనబడటం. 1827లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద కాచి, ఆల్బుమిన్ తెల్లగా గడ్డకట్టటాన్ని మూత్రపిండ వ్యాధికి గుర్తుగా వర్ణించాడు. కోడిగుడ్డు తెల్లసొనను నీటిలో కలిపి కాచి ఉపాధ్యాయులు తరగతిలో దీనిని చూపవచ్చు. అదే ద్రావణాన్ని బాగా పలుచన చేసి కాస్తే తెలుపు కనబడదు. బ్రైట్ పరీక్షకున్న లోపం ఇదే. ఆల్బుమిన్ బాగా కారేవరకు అది ఏమీ చెప్పదు. 1963లో అదే ఆసుపత్రిలో కీన్, క్లౌవెరాకిస్ అనే పరిశోధకులు అతి స్వల్పమైన ఆల్బుమిన్‌ను కూడా కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు మూత్రంలోని ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు అంటారు. జ్వరం, కఠినమైన వ్యాయామం కూడా దానిని తాత్కాలికంగా పెంచగలవు కాబట్టి ఒక పరీక్షతో నిర్ణయించక మళ్ళీ చూస్తారు.

ఇంత ముందుగా తెలియటం వల్ల ప్రయోజనం ఏమిటి? పూడిపోయిన గుచ్ఛాలు తిరిగి పుట్టవు. కాని మిగిలినవాటిని కాపాడవచ్చు. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, రెండవ రకం మధుమేహం ఉన్నవారిలో చక్కెరను గట్టిగా అదుపు చేస్తే సూక్ష్మ రక్తనాళాల ఉపద్రవాలు 25 శాతం, రక్తపు పోటును గట్టిగా అదుపు చేస్తే 37 శాతం తగ్గినవి. అపవాహి ధమనికను సడలించి గుచ్ఛంలో పీడనాన్ని దించే లోసార్టన్ వంటి మందుల మేలు 2001లో రుజువైనది. నెఫ్రాన్ గ్లూకోజును పీల్చుకోవటాన్ని అడ్డుకొనే కెనాగ్లిఫ్లోజిన్ మూత్రపిండాలను కాపాడుతుందని 2019లో తేలింది. పైన చెప్పిన ఉప్పు లెక్కను సరిచేసి, అభివాహి ధమనికను తిరిగి ఇరుకు చేయటం ఈ మందు గుణానికి ఒక ముఖ్య కారణం.

రెండవ రకం మధుమేహం బయటపడేనాటికే కొన్ని సంవత్సరాలుగా దాగి ఉండవచ్చు. అందువల్ల వ్యాధి తెలిసిన నాటి నుంచే ఏటేటా మూత్రంలో ఆల్బుమిన్‌ను, రక్తంలో క్రియాటినిన్‌ను చూపించుకోవాలి. కొందరిలో ఆల్బుమిన్ కారకుండానే మూత్రపిండాల శక్తి తగ్గుతుంది కాబట్టి రెండు పరీక్షలూ అవసరమే. కాళ్ళ వాపు, ఆయాసం కనబడేదాకా ఆగితే, అప్పటికి కాపాడవలసిన గుచ్ఛాలు చాలా కొద్దిగానే మిగిలి ఉంటవి.