ఊరి నల్లాను కంపెనీకి అప్పజెబితే ఏమవుతుంది?

ఎండలు ముదిరి నల్లా రెండు రోజులకోసారి వచ్చే వేళకి ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఒక మాట వినిపిస్తూ ఉంటుంది. "పంచాయతీతో కాదు, మున్సిపాలిటీతో కాదు, ఎవరైనా ప్రైవేటోళ్లకు ఇచ్చేస్తే పీడా పోద్ది" అని. బిందెలు పట్టుకుని నిలబడ్డ మనిషి కోపంలో అనే మాటే అది. కానీ దేశంలో కొన్ని ఊళ్లు ఇదే మాటతో మొదలుపెట్టి సంతకాల దాకా వెళ్లాయి. ఆ ఊళ్లలో ఏం జరిగిందో, మన దగ్గర చట్టం ఏమంటుందో ముందే తెలిసుంటే మంచిది.

ఒకటి మొదటే చెప్పుకోవాలి. "నీళ్లు అమ్మేస్తున్నాం" అని ఏ కాగితం మీదా రాయరు. ట్యాంకు, పైపులైను, మోటర్లు సర్కారు పేరు మీదే ఉంటాయి. కంపెనీకి ఇచ్చేది ఇరవై ముప్పై ఏళ్ల పాటు నీళ్లు సరఫరా చేసి బిల్లు వసూలు చేసుకునే హక్కు. ఇంకో రకం చిన్నది: మోటర్ నడపడం, క్లోరిన్ కలపడం, లీకేజీలు సరిచేయడం మాత్రమే కాంట్రాక్టరుకు ఇస్తారు, రేటు మాత్రం సర్కారు చేతిలోనే ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, రేటు ఎవరు పెడతారు, బిల్లు డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది అన్న రెండు ప్రశ్నలతో తేడా తెలిసిపోతుంది.

మనలాంటి చిన్న ఊరికి బాగా పనికొచ్చే కథ మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాది. అక్కడ కాంట్రాక్టు దక్కింది మన హైదరాబాద్ కంపెనీకే, విశ్వ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్స్‌కు. చిన్న, మధ్య తరహా పట్టణాల కోసం కేంద్రం పెట్టిన పథకం కింద నర్మద నుంచి సుమారు 50 కిలోమీటర్ల పైపులైను వేసి ఊరికి నీళ్లు తేవాలి, 23 ఏళ్లు నడపాలి. పెట్టుబడిలో ఎక్కువ భాగం సర్కారు గ్రాంటే. అంటే డబ్బు జనానిది, వసూలు కంపెనీది. ఒప్పందంలో ఇంకో షరతు ఉంది: కంపెనీ సరఫరాకు పోటీగా ఊళ్లో మరో నీటి ఏర్పాటు ఉండకూడదు. ఈ ఒక్క వాక్యంతో ఊరి పాత బావులు, బోర్లు, బజారు నల్లాల గతేంటి? పేదోళ్ల వాడల్లో ఈ భయమే ముందు పుట్టింది.

2012 చివర్లో కార్పొరేషన్ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు ఉంటే చెప్పమంది. పదివేల పైచిలుకు అభ్యంతరాలు వచ్చి పడ్డాయి. లాయర్లు, వ్యాపారులు, పెన్షన్ తీసుకునే ముసలివాళ్లు, గృహిణులు అందరూ రాశారు. తర్వాత పైపులైను మాటిమాటికీ పగలడం మొదలైంది, ఊరు మళ్లీ ట్యాంకర్ల కోసం చూసింది. ఖండ్వా జనం పోట్లాడటం వల్ల షరతులు బయటపడ్డాయి, నిజమే. కానీ ఒప్పందం మీద సంతకమయ్యాక, ఏళ్లు గడిచాక బయటపడ్డాయి. నా దృష్టిలో ఖండ్వా నేర్పే పాఠం ఇదే: అభ్యంతరం రాయాల్సిన రోజు నోటీసు వచ్చిన రోజు కాదు, టెండర్ కాగితం తయారయ్యే రోజు.

మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లో ఇంకా విచిత్రం జరిగింది. 1998లో, అది మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్నప్పుడే, దుర్గ్ దగ్గర బోరయి పారిశ్రామిక వాడకు నీళ్లివ్వడానికి శివనాథ్ నదిపై సుమారు 23 కిలోమీటర్ల మేర ఒక ప్రైవేటు కంపెనీకి 22 ఏళ్లకు అప్పజెప్పారు. ఒడ్డున ఉన్న చేపలవాళ్లను, రైతులను నదిలో దిగొద్దన్నారు. సర్కారు వాడుకున్నా వాడుకోకపోయినా ఇంత నీటికి డబ్బు కట్టి తీరాలన్న షరతు కూడా ఉంది. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజాపద్దుల కమిటీ ఈ ఒప్పందం రద్దు చేయాలని సిఫారసు చేసింది.

అయితే ప్రైవేటు అనగానే అంతా మోసమే అనడమూ సరికాదు. కర్ణాటకలో హుబ్బళ్లి–ధార్వాడ్, బెళగావి, కలబురగిల్లో కొన్ని వార్డుల్ని ప్రయోగంగా ఒక విదేశీ కంపెనీ నడిపితే 2008 నుంచి నల్లాలో 24 గంటలూ నీళ్లొచ్చాయి. అక్కడ పైపులు కొత్తగా వేశారు, రేటు సర్కారే పెట్టింది, ఆస్తి సర్కారుదే. మన పంచాయతీల్లో వాటర్‌మన్‌కు నెలల తరబడి జీతం రాకపోతే, కాలిన మోటర్ బాగుచేయించడానికి డబ్బులేకపోతే జనం ఎంతకాలమని ఓర్చుకుంటారు? ఆ కోపానికి కారణముంది. కోపం కొద్దీ ఏ కాగితం మీద సంతకం పడుతుందన్నదే అసలు సంగతి.

ఇక మన సంగతి. ఖమ్మం వైపు మిషన్ భగీరథ నీళ్లు పాలేరు, వైరా జలాశయాల నుంచి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు అశ్వాపురం దగ్గర గోదావరి నుంచి వస్తాయి. పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, కార్పొరేషన్‌లో 150 ఇవ్వాలన్నది పథకం లెక్క. పెద్ద పైపులు, శుద్ధి కేంద్రాలు రాష్ట్రానివి. ఊళ్లో ట్యాంకు నుంచి ఇంటి నల్లా దాకా ఉన్నదే పంచాయతీ చేతిలోది. కాబట్టి ఏ ఊరైనా అప్పజెప్పగలిగేది ఆ చివరి ముక్కనే. గోదావరి నుంచి నీళ్లు రాకపోతే చివరి ముక్క నడిపే కంపెనీ చేసేదేమీ లేదు. "మాకు పైనుంచి రాలేదు" అంటుంది. ఇప్పుడు పంచాయతీ చెప్పేదీ అదే కదా!

భద్రాచలం విషయంలో చట్టం ఇంకో గోడ కట్టింది. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 2011 లెక్కల్లోనే సుమారు 50 వేల జనాభా ఉన్న పట్టణం ఇంకా గ్రామ పంచాయతీగా ఉండటానికి కారణం కూడా అదే. రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు తనంతట తాను వర్తించదు. మనవాళ్లందరికీ తెలిసిన 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనులకు, వాళ్ల సొసైటీలకు తప్ప ఇంకెవరికీ బదిలీ కాకూడదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా బిగించింది: సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది. కాబట్టి ట్యాంకు, పంపుహౌసు ఉన్న జాగాను కంపెనీకి రాసివ్వడం ఏజెన్సీలో కుదిరే పని కాదు. నడిపే కాంట్రాక్టు మాత్రం భూమి బదిలీ కాదు గనుక ఆ తలుపు తెరిచే ఉంది. ఖమ్మం, సత్తుపల్లి, మధిర లాంటి మున్సిపల్ పట్టణాలకు ఈ గోడ అడ్డం లేదు. అక్కడ కౌన్సిల్ తీర్మానం మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

అడవి అంచు గూడేల సంగతి ఇంకా సున్నితం. 2006 అటవీ హక్కుల చట్టంలో ఒక మంచి వెసులుబాటు ఉంది. తాగునీటి పైపులైను లాంటి పనులకు, ఒక్కో పనికి హెక్టారులోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో వాడుకోవచ్చు. కానీ ఆ సదుపాయం ప్రభుత్వం నడిపేది అయి ఉండాలని చట్టంలోనే రాసుంది. రేపు వ్యవస్థ కంపెనీ చేతికి వెళితే చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఇరవై ఇళ్ల గూడేనికి పైపు వేయాలన్నప్పుడు ఈ దారి చిక్కుల్లో పడుతుంది. లాభం చూసుకునే వాడు ఇరవై ఇళ్ల కోసం ఆ చిక్కులో వేలు పెడతాడని నేననుకోను.

ఇదంతా ఒక ఎత్తు. ఎవరూ సంతకం పెట్టకుండానే జరుగుతున్న అమ్మకం ఇంకోటి ఉంది: మినరల్ వాటర్ క్యాను. ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలనుకుందాం. రోజుకు రెండు క్యాన్లు తెచ్చుకునే ఇంటికి నెలకు 600, ఏడాదికి 7,300 రూపాయలు. లీటరు అర్ధరూపాయి అంటే వెయ్యి లీటర్లు 500. నల్లా బిల్లు కొంచెం పెంచుతామంటే పంచాయతీ ఆఫీసు ముందు గొడవ చేస్తాం, దీనికి మాత్రం నోరు మెదపం. పైగా ఆ నీళ్లు ఎక్కువగా మన ఊరి భూగర్భంలోవే. 2002 వాల్టా చట్టం ప్రకారం జనం తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. మీ వాడలో ప్లాంటుకు ఆ అనుమతి ఉందా? ఆర్‌ఓ యంత్రం తోడిన నీటిలో చెప్పుకోదగ్గ భాగాన్ని మోరీలోకి వదులుతుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్‌ఓ వాడకుండా నిషేధించమని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది. నది నీళ్లు మామూలుగా ఆ గీతకు కిందే ఉంటాయి. సరిగా శుద్ధి చేసి, క్లోరిన్ కలిపిన భగీరథ నీళ్లు తాగడానికి సరిపోతాయి. క్లోరిన్ వాసన నచ్చకపోతే కుండలో పోసి కొన్ని గంటలు ఉంచితే తగ్గుతుంది.

మదీనాలో రూమా బావి కథ మన పిల్లలకు మదర్సాలో చెబుతారు. బావి ఒకరి సొంతం, నీళ్లు డబ్బుకే. వలస వచ్చినవాళ్లకు అది భారమైంది. హజ్రత్ ఉస్మాన్ (రజి.) ముందు సగం హక్కు కొని, ఒక రోజు తనది, ఒక రోజు యజమానిది అనుకున్నారు. తన రోజున ఉచితంగా ఇచ్చేసరికి జనం రెండు రోజుల నీళ్లు ఒకేసారి పట్టుకుపోయారు. యజమాని రోజున కొనేవాళ్లు లేకపోయేసరికి మిగతా సగం కూడా అమ్మేశాడు. ఆయన దాన్ని వక్ఫ్ చేశారు. దానగుణం కోసమే ఈ కథ చెబుతుంటాం. నాకైతే అందులో గట్టి వ్యాపార లెక్క కూడా కనిపిస్తుంది: ఉచిత నీళ్లు నమ్మకంగా దొరికే చోట అమ్మే నీళ్లకు గిరాకీ ఉండదు. ఖండ్వా ఒప్పందంలో పోటీ ఉండకూడదన్న షరతు ఎందుకు పెట్టారో దీన్నిబట్టే తెలుస్తుంది.

మీ ఊళ్లో ఇలాంటి మాట గ్రామసభ దాకా వస్తే మనం కూడా వెళ్లాలి. ఏజెన్సీలో సర్పంచ్ పదవి గిరిజనులకే రిజర్వు, అది సబబే. కానీ ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఆడవాళ్లు తప్పకుండా వెళ్లాలి, బిందె మోసేది వాళ్లే. రేటు ఎంత అని ఒక్కటే అడిగి ఊరుకోకండి, ఏడాదికి ఎంత చొప్పున పెంచుకోవచ్చో అడగండి. బజారు నల్లా, మసీదు వుజూఖానా, గుడి, చర్చి, బడి ఏ లెక్కలోకి వస్తాయో అడగండి. మనవాళ్లలో చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు. 1/70 వల్ల ఏజెన్సీలో చాలా ఇళ్లకు రిజిస్టర్డ్ కాగితాలుండవు. కంపెనీ కనెక్షన్ ఇవ్వడానికి ఏ కాగితం అడుగుతుంది? ఇంటి పన్ను రసీదు, ఆధార్ సరిపోతాయా? ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో లేకపోతే సగం వాడ నల్లా లేకుండా మిగిలిపోవచ్చు.

వరద సంగతి కూడా రాయించాలి. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మంలో ఇళ్లు ముంచింది. అలాంటి రోజుల్లోనే మంచినీళ్లు అన్నిటికన్నా ముందు కావాలి. ఒప్పందాల్లోనేమో ప్రకృతి విపత్తు వస్తే కంపెనీకి బాధ్యత లేదన్న షరతు మామూలుగా ఉంటుంది. ఆ రోజుల్లో ట్యాంకర్లు ఎవరు పంపాలి, మునిగిన మోటర్ల ఖర్చు ఎవరిది, నీళ్లు రాని నెల బిల్లు కట్టాలా వద్దా అని అడిగి, ఆ ప్రశ్నలను, వాళ్లిచ్చిన జవాబులను సభ మినిట్స్ బుక్కులో రాయించి, నకలు తీసుకుని ఇంటికి రండి.