యూనిట్ - 9: నొప్పి, వాపులకు తేనెటీగ విష చికిత్స - ఒక శాస్త్రీయ పరిశీలన

9.0 ఉద్దేశాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- తేనెటీగ విషంలోని ముఖ్య పదార్థాలను, శరీరంలో అవి చేసే పనులను వివరించగలుగుతారు.
- ఈ విషం నొప్పిని తగ్గిస్తుందనే వాదనకు ఉన్న ఆధారాల బలాన్ని అంచనా వేయగలుగుతారు.
- ఈ చికిత్సలోని ప్రమాదాలను గుర్తించి, అవసరమైనప్పుడు సరైన సలహా ఇవ్వగలుగుతారు.
- ఒక చికిత్స గురించి 'నమ్మకం' ఉండడానికి, 'రుజువు' ఉండడానికి గల తేడాను చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

కీళ్లనొప్పులతో బాధపడేవారు లేని ఇల్లు అరుదు. ఏళ్ల తరబడి మాత్రలు మింగి విసిగినవారికి "తేనెటీగలతో కుట్టించుకుంటే నొప్పులు పోతాయట" అనే మాట ఆశ కలిగిస్తుంది. తేనె, మైనం, పుప్పొడి, విషం వంటి తేనెపట్టు ఉత్పత్తులతో చేసే చికిత్సను 'ఎపిథెరపీ' అంటారు. అందులో విషాన్ని వాడే భాగమే ఈ యూనిట్‌లో మన అంశం.

ఈ చికిత్సను మూడు విధాలుగా చేస్తారు. ఒకటి, బతికున్న ఈగను పట్టకారుతో పట్టి నొప్పి ఉన్నచోట కుట్టించడం. రెండు, సేకరించి శుద్ధి చేసిన విషాన్ని చర్మంలోకి ఇంజెక్షన్‌గా ఇవ్వడం. మూడు, పలుచన చేసిన విషాన్ని ఆక్యుపంక్చర్ బిందువుల వద్ద ఎక్కించడం. ఇది దక్షిణ కొరియాలో ఎక్కువగా వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోండి. డాక్టరు ఇచ్చిన మందులు వాడుతూ, వాటికి తోడుగా తీసుకునేది అనుబంధ చికిత్స. ఆ మందులు మాని వాటి బదులు తీసుకునేది ప్రత్యామ్నాయ చికిత్స. ఈ భేదం ఎందుకు ముఖ్యమో 9.6లో చూస్తాం.

9.2 చారిత్రక నేపథ్యం

ఆధునిక కాలంలో ఈ చికిత్సకు ఆద్యుడిగా ఫిలిప్ టెర్చ్ అనే వైద్యుణ్ణి చెబుతారు. ఆయన నేటి స్లొవేనియాలోని మారిబోర్ పట్టణంలో పనిచేశాడు. తేనెటీగ కాటుకు, కీళ్లవాతానికి గల సంబంధంపై తన పరిశీలనలను 1888లో ప్రచురించాడు. ఆయన పుట్టినరోజైన మార్చి 30ని ఎపిథెరపీ అభిమానులు నేటికీ ప్రత్యేక దినంగా జరుపుకుంటారు. తరువాత న్యూయార్క్‌లో బోడాగ్ బెక్ అనే వైద్యుడు 1935లో ఈ చికిత్సపై ఒక గ్రంథం రాశాడు. వెర్మాంట్‌కు చెందిన తేనెటీగల పెంపకందారు చార్లెస్ మ్రాజ్ దీన్ని అమెరికాలో విస్తృతంగా ప్రచారం చేశాడు.

వీరందరూ చికిత్స పొందినవారిలో చాలామందికి మేలు కలిగిందని నమ్మారు. ఆ నమ్మకాన్ని శంకించనవసరం లేదు. అయితే చికిత్స పొందనివారితో వారిని పోల్చి చూడకుండా ఆ మేలు విషం వల్లనే కలిగిందని చెప్పడం సాధ్యం కాదు.

9.3 విషంలో ఏముంది?

ఆడ ఈగలు మాత్రమే కుడతాయి. కూలి ఈగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్లుంటాయి. అందువల్ల మన చర్మంలో దిగిన ముల్లు తిరిగి బయటికి రాదు. విషపు సంచితో సహా ఈగ శరీరం నుంచి తెగి చర్మంలోనే ఉండిపోతుంది. ఈగ చనిపోతుంది. సంచి మాత్రం విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. ఒక కాటులో శరీరంలోకి చేరే విషం సుమారు 50 నుంచి 140 మైక్రోగ్రాములు. అంటే మిల్లీగ్రాములో ఏడో వంతుకు మించదు.

ఆ కొద్ది విషంలో ముఖ్యమైనవి ఇవి:

1. మెలిటిన్: 26 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్. ఎండిన విషం బరువులో దాదాపు సగం ఇదే. కణత్వచాలకు రంధ్రాలు చేస్తుంది. కాటు మంటకు ప్రధాన కారణం ఇదే.
2. ఫాస్ఫోలైపేజ్ ఎ2: సుమారు 10 నుంచి 12 శాతం ఉండే ఎంజైమ్. కణత్వచంలోని కొవ్వు పదార్థాలను విడగొడుతుంది. తేనెటీగ విషపు అలర్జీకి ముఖ్య కారకాలలో ఇది ఒకటి.
3. అపామిన్: 18 అమైనో ఆమ్లాల పెప్టైడ్. నాడీకణాల్లోని ఒక రకం పొటాషియం మార్గాలను మూసివేస్తుంది.
4. మాస్ట్ కణాలపై పనిచేసే పెప్టైడ్: 22 అమైనో ఆమ్లాలు కలది. మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది.
5. హయాలురోనిడేజ్: కణాల మధ్య ఉండే బంధక పదార్థాన్ని కరిగించి, విషం వ్యాపించడానికి దారి చేస్తుంది.

9.4 నొప్పి పుట్టించేది నొప్పిని తగ్గిస్తుందా?

కాటు పడినచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కనిపిస్తాయి. ఈ నాలుగూ కలిసిన స్థితిని శాస్త్రగ్రంథాలలో ఉజ్వలనం అంటారు. ఫాస్ఫోలైపేజ్ ఎ2 కణత్వచం నుంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. దాని నుంచి ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మందులు అడ్డుకునేది సరిగ్గా ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే. అంటే నొప్పి మాత్ర ఆపే పనిని తేనెటీగ విషం మొదలుపెడుతుంది! మరి అలాంటి విషం నొప్పిని ఎలా తగ్గించగలదు? దీనికి మూడు రకాల వివరణలున్నాయి.

మొదటిది కణస్థాయి వివరణ. తక్కువ మోతాదులో మెలిటిన్, ఉజ్వలనానికి తోడ్పడే జన్యువులను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను అణచివేస్తుందని ప్రయోగశాల పరిశోధనలలో కనిపించింది.

రెండవది హార్మోన్ల వివరణ. విషం ఇచ్చిన జంతువులలో అధివృక్క గ్రంథి నుంచి కార్టిసాల్ స్రావం పెరిగినట్లు గమనించారు. కార్టిసాల్ ఉజ్వలనాన్ని తగ్గించే సహజ హార్మోను.

మూడవది నాడుల వివరణ. బెణికినచోట మంట పుట్టించే లేపనం రాస్తే పాత నొప్పి కాసేపు మరుగున పడుతుంది. అలాగే కొత్త నొప్పి సంకేతం పాత నొప్పి సంకేతాన్ని వెనక్కి నెట్టవచ్చు.

ఈ వివరణలు ఆలోచించదగినవే. కానీ గాజు పాత్రలోని కణాలపైన, ఎలుకలపైన కనిపించిన ఫలితం రోగి మోకాలిలో కనిపించి తీరాలని నియమం లేదు. కణాలను నాశనం చేసే పదార్థం ఎంత మోతాదు వరకు మేలు చేస్తుంది, ఎక్కడ హాని మొదలుపెడుతుంది అన్నది మనుషులలో పరీక్షించి తేల్చవలసిన విషయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(అ) తేనెటీగ విషంలో అత్యధికంగా ఉండే పెప్టైడ్ ఏది?
(ఆ) ఆస్పిరిన్ చర్యకు, ఫాస్ఫోలైపేజ్ ఎ2 చర్యకు గల తేడా ఏమిటి?

9.5 మనుషులపై జరిగిన పరీక్షలు

కీళ్లవాతం ఒక్క తీరుగా ఉండదు. కొన్ని వారాలు పెరుగుతుంది, కొన్ని వారాలు తగ్గుతుంది. నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడే మనిషి కొత్త చికిత్సకు వెళ్తాడు. ఆ తరువాత నొప్పి దానంతటదే తగ్గినా ఆ ఘనత చికిత్సకే దక్కుతుంది. దీనికి నమ్మకం వల్ల కలిగే ఉపశమనం కూడా తోడవుతుంది. అందుకే రోగులను చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విభజించి, ఒక బృందానికి మాత్రమే అసలు మందు ఇచ్చి పోల్చి చూస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ, ఫలితం నమోదు చేసేవారికీ తెలియకూడదు.

తేనెటీగ విషం విషయంలో ఇక్కడే ఒక చిక్కుంది. ఉప్పునీటి ఇంజెక్షన్ వాపు తేదు, దురద పుట్టించదు. తనకు అసలు విషమే పడిందని రోగి ఇట్టే గ్రహిస్తాడు. దీన్ని అధిగమించడానికి రెండో బృందానికి హిస్టమిన్ వంటి దురద పుట్టించే పదార్థాన్ని ఇవ్వవచ్చు.

ఇక ఫలితాలు చూడండి.

నడుమునొప్పి: దక్షిణ కొరియాలో దీర్ఘకాలిక నడుమునొప్పి గల 54 మందిపై 3 వారాలపాటు చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మామూలు నొప్పి మందుకు తోడుగా విషం ఇచ్చినవారిలో, ఉప్పునీరు ఇచ్చినవారికంటే ఎక్కువ ఉపశమనం కనిపించింది. ఫలితం ఆశాజనకమే. కానీ రోగుల సంఖ్య తక్కువ, వ్యవధి స్వల్పం.

మల్టిపుల్ స్క్లెరోసిస్: నెదర్లాండ్స్‌లో 26 మంది రోగులకు 24 వారాలపాటు, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 20 ఈగల వరకు కుట్టించారు. మరో 24 వారాలు ఏ కాట్లూ లేకుండా పరిశీలించి పోల్చారు. 2005లో వెలువడిన ఫలితం ప్రకారం ఎంఆర్‌ఐ చిత్రాలలో గాని, అంగవైకల్యంలో గాని, అలసటలో గాని ఏ మెరుగుదలా లేదు.

పార్కిన్సన్ వ్యాధి: ఫ్రాన్స్‌లో 40 మందికి 11 నెలలపాటు నెలకు 100 మైక్రోగ్రాముల విషం లేదా ఉప్పునీరు ఇచ్చారు. 2016లో ప్రకటించిన ఫలితాలలో రెండు బృందాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కాబట్టి కండరాలు, కీళ్ల నొప్పుల విషయంలో కొంత ఆశ ఉంది గాని రుజువు బలహీనం. పై రెండు నాడీవ్యాధుల విషయంలో ప్రచారానికి ఈ పరీక్షల మద్దతు లేదు.

9.6 ప్రమాదాలు

తేనెటీగ విషంపై 145 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారితో పోలిస్తే, విషపు ఆక్యుపంక్చర్ తీసుకున్నవారిలో దుష్ఫలితాల ప్రమాదం 261 శాతం అధికమని అది తేల్చింది. వీటిలో దురద, వాపు వంటి చిన్న ఇబ్బందులూ ఉన్నాయి, ప్రాణాంతకమైన అలర్జీ కూడా ఉంది.

ఈ తీవ్రమైన అలర్జీని అనాఫైలాక్సిస్ అంటారు. ఒంటినిండా దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం దీని లక్షణాలు. ఇది సాధారణంగా మొదటి కాటుకు రాదు. ముందటి కాట్ల వల్ల శరీరంలో ఐజీఈ అనే ప్రతిదేహాలు తయారై ఉంటే, తరువాతి కాటుకు అవి విరుచుకుపడతాయి. కాబట్టి "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు గదా" అనే ధీమాకు ఇక్కడ విలువ లేదు. స్పెయిన్‌లో 55 ఏళ్ల మహిళ ఒకరు కండరాల బిగువుకు, ఒత్తిడికి రెండేళ్లపాటు నాలుగు వారాలకోసారి ఈగలతో కుట్టించుకున్నారు. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తరువాత ఒక కాటుతో కుప్పకూలి, ఆసుపత్రిలో కొన్ని వారాలకు మరణించారు. ఆమె ఉదంతం 2018లో వైద్యపత్రికలో వచ్చింది.

ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. రక్తపోటుకు బీటా-బ్లాకర్ మాత్రలు వాడేవారిలో ప్రాణం కాపాడే అడ్రినలిన్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు.

రెండో ప్రమాదం నిశ్శబ్దంగా జరుగుతుంది. రుమటాయిడ్ కీళ్లవాతంలో తొలి దశలోనే మెథోట్రెక్సేట్ వంటి మందులు మొదలుపెడితే కీళ్లు వంకర తిరగకుండా కాపాడవచ్చు. వాటిని మాని కాట్లపై ఆధారపడినవారికి నొప్పి కొంత తగ్గినట్లనిపించినా, లోపల ఎముక అరిగిపోతూనే ఉండవచ్చు. ఆ నష్టం తిరిగి పూడదు. అనుబంధ చికిత్సకూ ప్రత్యామ్నాయ చికిత్సకూ ఉన్న భేదం అందుకే ముఖ్యం.

9.7 అదే విషం మందుగా నిలిచిన సందర్భం

తేనెటీగ, కందిరీగ కాట్లకు తీవ్ర అలర్జీ గలవారికి ఒకప్పుడు ఆ కీటకాల మొత్తం శరీరాన్ని నూరి తీసిన సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. దశాబ్దాలపాటు వైద్యులూ, రోగులూ దాన్ని నమ్మారు. 1978లో హంట్, ఆయన సహచరులు ఒక పరీక్ష నిర్వహించారు. ఒక బృందానికి శుద్ధి చేసిన విషం, రెండో బృందానికి శరీర సారం, మూడో బృందానికి ఉత్తుత్తి మందు ఇచ్చి, వైద్యుల పర్యవేక్షణలో కుట్టించి చూశారు. శుద్ధ విషం రక్షణ ఇచ్చింది. శరీర సారం ఉత్తుత్తి మందుకంటే మెరుగ్గా పనిచేయలేదు.

నేడు ఈ విష ఇమ్యునోథెరపీ ప్రామాణిక చికిత్స. అతి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, సుమారు ఒక కాటుకు సమానమైన 100 మైక్రోగ్రాముల వరకు పెంచి, 3 నుంచి 5 ఏళ్లు కొనసాగిస్తారు. గమనించండి: 'విషం పనికిరాదు' అన్నది ఈ యూనిట్ సారం కాదు. కొలిచిన మోతాదు, సిద్ధంగా ఉన్న అత్యవసర వైద్యం, నిజాయితీ గల పరీక్ష - ఈ మూడూ ఉన్నచోట విషం మందయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(అ) గతంలో కాట్లకు ఏమీ కాకపోవడం భద్రతకు హామీ ఎందుకు కాదు?
(ఆ) 1978 పరీక్షలో మూడు బృందాలకు ఇచ్చినవి ఏవి?

9.8 ఆచరణలో ఏం చేయాలి?

మీ ఇంట్లోవారు ఎవరైనా ఈ చికిత్సకు వెళ్తామంటే నాలుగు ప్రశ్నలు అడగండి: జబ్బు ఏమిటో డాక్టరు నిర్ధారించారా? ఇప్పటి మందులు మానమంటున్నారా? ఎంత విషం ఇస్తున్నారో కొలత ఉందా? అలర్జీ వస్తే అడ్రినలిన్ ఇంజెక్షన్, దాన్ని ఇవ్వగల వైద్యుడు అక్కడే ఉన్నారా? బతికున్న ఈగతో కుట్టించేచోట మూడో ప్రశ్నకు జవాబు ఉండదు.

ప్రమాదవశాత్తు ఈగ కుడితే ముల్లును వెంటనే తీసేయండి. గోటితో గీకారా, పట్టి లాగారా అన్నదానికంటే ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. విషంలో ఎక్కువ భాగం మొదటి 20 సెకన్లలోనే లోపలికి చేరుతుంది. ఊపిరి ఇబ్బంది, కళ్లు తిరగడం, ఒంటినిండా దద్దుర్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

9.9 సారాంశం

తేనెటీగ విషం శక్తిమంతమైన జీవరసాయనాల మిశ్రమం. అది ఉజ్వలనాన్ని పుట్టించగలదు. తక్కువ మోతాదులో తగ్గించగలదని ప్రయోగశాల ఆధారాలు సూచిస్తున్నాయి. నొప్పుల విషయంలో మనుషులపై లభించిన రుజువు ఇంకా బలహీనంగానే ఉంది. ప్రమాదం మాత్రం రుజువైనదే. కాట్ల అలర్జీ నివారణలో అదే విషం పరీక్షకు నిలిచి ప్రామాణిక చికిత్స అయింది. ఒక చికిత్స పాతదా కొత్తదా, ప్రకృతి సిద్ధమా కృత్రిమమా అన్నవి దాని విలువను తేల్చవు. పోల్చి చూసిన పరీక్షే తేలుస్తుంది.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - సమాధానాలు

1. (అ) మెలిటిన్. (ఆ) ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుంది. ఫాస్ఫోలైపేజ్ ఎ2 వాటికి కావలసిన ముడిపదార్థాన్ని విడుదల చేస్తుంది.
2. (అ) ముందటి కాట్ల వల్లనే ఐజీఈ ప్రతిదేహాలు తయారై ఉండవచ్చు. (ఆ) శుద్ధి చేసిన విషం, కీటక శరీర సారం, ఉత్తుత్తి మందు.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తేనెటీగ విషంలోని ముఖ్య పదార్థాలను, వాటి చర్యలను వివరించండి.
2. నొప్పి నివారణలో తేనెటీగ విషం పాత్రపై లభించిన ఆధారాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అనుబంధ చికిత్స, ప్రత్యామ్నాయ చికిత్సల భేదం తెలపండి.
2. విష ఇమ్యునోథెరపీ గురించి రాయండి.