మీకు తెలుసా? పాట పేరు కోసం 2580కి ఫోన్ చేసేవారు!

ఎక్కడో వినిపిస్తున్న పాట ఏమిటో చెప్పే షాజామ్, ఐఫోన్ రావడానికి ఐదేళ్ల ముందే, 2002లోనే, బ్రిటన్‌లో మామూలు ఫోన్ కాల్‌తో పనిచేసింది.

2580 నొక్కాలి. కీప్యాడ్ నడిమి వరుసలో పై నుంచి కిందికి ఉండే అంకెలే ఇవి. ఫోన్‌ను పాట వైపు పట్టుకుంటే అర నిమిషానికి లైను దానంతటదే కట్టయ్యేది. ఆ తర్వాత పాట పేరు, పాడినవారి పేరు ఎస్సెమ్మెస్‌లో వచ్చేవి.

దీని వెనకున్న అద్భుతమైన లెక్క షాజామ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఏవరీ వాంగ్‌ది. పాట మొత్తాన్ని పోల్చడం దీని పద్ధతి కాదు. ఏ క్షణాన ఏ పౌనఃపున్యం గట్టిగా మోగిందో ఆ బిందువులను మాత్రమే ఏరుతుంది. వాటిని జతలు కట్టి, ఒక్కో జత మధ్య ఎంత వ్యవధి ఉందో చూసి, తన భాండాగారంలోని రికార్డింగులతో సరిచూస్తుంది. పాటకు ఇది వేలిముద్ర లాంటిది. హోటల్లో కబుర్లు, గిన్నెల చప్పుడు ఉన్నా ఆ గట్టి బిందువుల్లో చాలావరకు చెరిగిపోవు, కాబట్టే ఫలితం అంత కచ్చితంగా ఉంటుంది.

అయితే షాజామ్ గుర్తుపట్టేది రికార్డింగునే, బాణీని కాదు. అదే గాయని అదే పాటను కచేరీలో కొత్తగా పాడితే సాధారణంగా పోల్చుకోలేదు. మనం కూనిరాగం తీస్తే పాటను వెతికిపెట్టే సదుపాయాన్ని గూగుల్ 2020లో తెచ్చింది. పల్లవి మాటలు మరిచిపోయి రాగం మాత్రం నాలుక మీద ఆడుతున్నప్పుడు పనికొచ్చేది అదే.