ర్యామ్ 80 శాతం నిండితే ఫోన్ మార్చాల్సిందేనా? అసలు లెక్క ఇదీ!

మొన్న హాలియా నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడు. "ఏం రా, నా ఫోన్ల ర్యామ్ నిండిందట. కొత్తది కొనాల్నని షాపాయన చెప్తుండు" అన్నాడు. పత్తి విత్తనాలకు దాచిన డబ్బుల్లోంచి 12 వేలు తీయడానికి రెడీ అయిపోయాడు. "ఆగు చిన్నాయనా, ఆదివారం వస్త" అని చెప్పి, వెళ్లి చూశా.

4 జీబీ ఫోన్. ఎవరో వేసిచ్చిన క్లీనర్ యాప్ ఎర్ర రంగులో '81 శాతం' అని చూపిస్తోంది. భయపడాల్సిన నంబరేనా? కాదు. ఎందుకో చూద్దాం.

ఆండ్రాయిడ్ లోపల ఉండేది లినక్స్ కెర్నెల్. అది ర్యామ్‌ను ఊరికే ఖాళీగా ఉంచదు. స్టోరేజ్ నుంచి చదివిన ఫైళ్లను, మీరు వాడి పక్కన పెట్టిన యాప్‌లను అందులోనే ఉంచుతుంది. కిరాణా కొట్టులో ఎక్కువగా అడిగే సరుకు గల్లా పక్కనే పెట్టుకుంటారు కదా, అలాగన్నమాట. చోటు కావాల్సి వస్తే వెంటనే తీసేస్తుంది.

అందుకే రెండు లెక్కలు వేరుగా చూడాలి. 'ఫ్రీ' అంటే ఎవరూ వాడని చోటు. 'అవైలబుల్' అంటే అవసరమైతే దొరికే చోటు. ఈ రెండోది లినక్స్‌లో 2014లో, 3.14 వెర్షన్‌తో వచ్చింది. మనకు ముఖ్యమైంది ఇదే. కొన్ని యాప్‌లు క్యాష్‌ను కూడా 'వాడుక'లో కలిపేసి చూపిస్తాయి. అందుకే ఒకే ఫోన్‌లో రెండు చోట్ల రెండు నంబర్లు కనిపిస్తాయి.

యాప్‌ల లెక్కలోనూ ఓ తిరకాసు ఉంది. 30 ఎంబీ లైబ్రరీని మూడు యాప్‌లు కలిసి వాడుతుంటే, ఒక పద్ధతిలో ఒక్కోదానికి 30 చొప్పున మొత్తం 90 అవుతుంది. పీఎస్ఎస్ అనే పద్ధతిలో ఒక్కోదానికి 10 మాత్రమే పడుతుంది.

మరి చిన్నాయన ఫోన్ ఎందుకు స్లో అయింది? 64 జీబీ స్టోరేజ్‌లో 62 నిండిపోయింది, అన్నీ వాట్సాప్ వీడియోలే! పైగా క్లీనర్ మూసేసిన యాప్‌లు ప్రతిసారీ మొదటి నుంచి తెరుచుకోవాలి. వీడియోలు తీసేసి, క్లీనర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేశా. ఫోన్ మళ్లీ దారిలో పడింది.

మీరూ చెక్ చేసుకోండి: బిల్డ్ నంబర్‌ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. చాలా ఫోన్లలో అక్కడి 'మెమరీ'లో సగటు వాడకం కనిపిస్తుంది. కెమెరా తెరిచి వెనక్కి రాగానే వాట్సాప్ ప్రతిసారీ మొదటి నుంచి మొదలవుతుంటే మాత్రం ర్యామ్ నిజంగానే చాలట్లేదని అర్థం. అప్పుడు కొత్త ఫోన్ గురించి ఆలోచించండి.

చిన్నాయన విత్తనాల డబ్బులు మాత్రం విత్తనాలకే పోయాయి.