మన యింటి వృత్తాంతములు

విద్యార్థులారా, రాజుల వంశావళులను పరీక్షకై కంఠస్థము చేయుదుము గాని, మన ముత్తాత తండ్రి పేరడిగినచో మనలో పెక్కుమంది చెప్పజాలరు.

1876–78 సంవత్సరములలో, పెద్దలు ధాత కరవని చెప్పుకొను మహాక్షామము మన ప్రాంతమును పీడించెను. ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలకొలది జనులకు కూలి కల్పించిరి. అన్నమునకై మతమున చేరుదురేమో యని ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసిరి. పిమ్మట 1878 జూలై 3వ తేదిని, వెల్లంపల్లి కడ గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య చరిత్రలో నిలిచినది. అందలి యొక్కొక్కరు ఏ యూరినుండి నడచి వచ్చిరో, దారిలో ఎవరిని పోగొట్టుకొనిరో ఇండ్లలో నోటిమాటగానే మిగిలినది. నేడు ఎనుబది యేండ్లు దాటిన వారిలో కొందఱు, కాలువ త్రవ్వినవారి బిడ్డల యొడిలో కూర్చుండి ఆ మాటలు విన్నవారు. వీరి వెనుక అట్లు విన్నవారు మనకు దొరకరు.

క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గారు వృద్ధులైన మాదిగ క్రైస్తవుల కథలను విని, 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అను గ్రంథమును ప్రకటించిరి. చెప్పులు కుట్టుచు అని దాని భావము. ఎఱ్ఱగుంట్ల పేరయ్య గారి పూర్వజీవితము అందు కలదు. గొప్ప మేలే, అయినను మన తాతలు తెలుగున చెప్పినది ఆంగ్లమున నిలిచెను. మీరు వ్రాయునపుడు అవ్వ పలికిన పలుకునే వ్రాయుడు. దానిని దిద్ది గ్రాంథికము చేయకుడు. (ఈ మాట నావంటి వాడు చెప్పుట వింతయే!)

సంవత్సరము అడిగినచో వృద్ధులు తడబడుదురు. తెలిసిన సంగతితో ముడివేసి యడుగవలెను. సాగరు కుడికాలువకు నీరు వచ్చిన 1967కు ముందా, పిదపనా? 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెనకు బిడ్డ నడచుచుండెనా? మిరపకాయలు కళ్ళమున ఎండుచుండగా పెండ్లి జరిగెనన్నచో, అది మాఘ ఫాల్గుణముల నాటిదని గ్రహింపవచ్చును. సంఘపు బాప్తిస్మపు పుస్తకములో పేరును తేదియు దొరకినచో సరిచూచుకొనుడు. పేరు మార్చుకొనకముందు ఏమని పిలిచెడివారో మాత్రము అవ్వయే చెప్పవలెను.

ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించినచో పెద్దలు బిగుసుకొందురు. మిరపకాయల తొడిమలు తీయుచుండగా మీరును ప్రక్కన కూర్చుండి తీయుడు. చేతులు పనిలో నున్నపుడు మాట తనంతట వచ్చును. ఆకలిని, అంటరానితనమును గూర్చి చెప్పనొల్లరేని ఆనాటికి విడిచిపెట్టుడు. ఫోనులో కంఠము పట్టినను కాగితముమీద కూడ ఎక్కించి, చెప్పినవారి పేరు, ఊరు, తేది వ్రాసి, ఒక ప్రతిని మేనత్త యింటనో పినతండ్రి యింటనో ఉంచుడు.