పసిపిల్లలతో అండమాన్ ప్రయాణం: చెవి, కడుపు, చర్మం, నిద్ర వెనుక ఉన్న సైన్స్

విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సముద్రం మీద దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు రోజులకు పైగా పడుతుంది. చెన్నై నుంచి విమానంలో అయితే రెండు గంటల పైచిలుకు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన ఈ ఊళ్లో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కాన్పుకు పుట్టింటికి వచ్చి నెలల బిడ్డతో తిరిగి దీవికి వెళ్లే తల్లులు, సెలవుల్లో పిల్లలను తాతగారింటికి తీసుకొచ్చే తండ్రులు, చలికాలంలో విహారానికి వెళ్లేవాళ్లు అందరూ ఈ దారినే నడుస్తారు.

అండమాన్ మన దేశంలోనిదే. కానీ పటంలో చూస్తే మన తీరం కన్నా మయన్మార్, థాయ్‌లాండ్‌లకే దగ్గర. అందుకే పాస్‌పోర్టు అవసరం లేకపోయినా, పిల్లలతో విదేశాలకు వెళ్లేటప్పుడు ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఇక్కడా ఎదురవుతాయి. చెవి నొప్పి వస్తుందా? వాంతులు అవుతాయా? ఎండకు తట్టుకుంటారా? టీకాలు సరిపోతాయా? ఇంతా చేసి పిల్లలకు దక్కేదేమిటి?

వీటికి జవాబు వెతికేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లల శరీరం పెద్దల శరీరానికి చిన్న నమూనా కాదు. అది కొన్నిచోట్ల మనకన్నా సున్నితం, కొన్నిచోట్ల మనకన్నా దృఢం.

విమానం దిగేటప్పుడే ఎందుకు ఏడుస్తారు?

విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి పీడనాన్ని సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉండే పీడనం కన్నా తగ్గనివ్వరు. అంటే నేల మీది పీడనంలో దాదాపు నాలుగింట మూడు వంతులు. పైకి వెళ్లేటప్పుడు మధ్యచెవిలో ఉన్న గాలి వ్యాకోచించి, చెవికీ గొంతుకూ మధ్య ఉండే యూస్టేషియన్ నాళం గుండా తేలిగ్గా బయటికి పోతుంది. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. బయటి పీడనం పెరుగుతుంది, కానీ ఆ సన్నని నాళం దానంతటది తెరుచుకోదు. కర్ణభేరి లోపలికి నొక్కుకుపోయి నొప్పి పుడుతుంది.

పసిపిల్లల్లో ఈ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే ఇట్టే మూసుకుపోతుంది. మింగినప్పుడు గొంతు కండరాలు దాన్ని తెరుస్తాయి కాబట్టి, విమానం దిగడం మొదలుపెట్టగానే చనుబాలు గానీ పాలసీసా గానీ పట్టాలి. బిడ్డ తల కాస్త ఎత్తులో ఉండాలి. పెద్ద పిల్లలైతే ఆవలించమనవచ్చు, ఏదైనా నమలనివ్వవచ్చు. నిద్రలో మింగడం తగ్గిపోతుంది. అందుకని దిగడానికి అరగంట ముందే లేపడం మంచిది. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ప్రయాణానికి ముందు డాక్టరుకు చూపించాలి.

ఓడలో కడుపు తిప్పడం ఎవరికి ఎక్కువ?

చాలామంది అనుకునేదానికి భిన్నంగా, రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణపు వాంతులు అరుదు. ఆ తర్వాత మెల్లగా పెరిగి, బడికెళ్లే వయసులో, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. లోపలిచెవిలోని సమతుల్య వ్యవస్థ ‘కదులుతున్నాం’ అంటుంది. గదిలో గోడలను చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఈ రెండు కబుర్లూ పొసగనప్పుడు మెదడు తికమకపడి కడుపు తిప్పుతుంది. పసివాళ్ల మెదడు ఇంకా ఈ రెండింటినీ జతచేసి పోల్చడం అలవాటు చేసుకోలేదు కాబట్టే వారికి బాధ తక్కువని శాస్త్రవేత్తల అంచనా.

అన్ని ఊపులూ ఒకేలా బాధించవు. సుమారు అయిదు సెకన్లకు ఒకసారి వచ్చే నిదానమైన పైకీ కిందికీ ఊపు అన్నిటికన్నా ఎక్కువగా కడుపు తిప్పుతుందని ప్రయోగాల్లో తేలింది. అలల మీద ఓడ ఊగేది కూడా దాదాపు ఆ వేగంతోనే. త్రాసు కాడ ఊగేటప్పుడు చివరలు ఎక్కువగా, నడుమ తక్కువగా కదులుతాయి కదా. ఓడ కూడా అంతే. మధ్యభాగంలో, కింది అంతస్తులో కదలిక తక్కువ. అయితే కింది బంకుల్లో గాలి తక్కువ, దిగంతం కనిపించదు. పగటిపూట పిల్లలను పైకి తీసుకొచ్చి సముద్రం, ఆకాశం కలిసే గీతను చూడమనాలి. రెయిలింగు దగ్గర చెయ్యి మాత్రం వదలకూడదు. ఫోనులో బొమ్మలు చూపిస్తే కన్నుకూ చెవికీ తగవు మరింత పెరుగుతుంది. తక్కువ తక్కువగా, పొడి ఆహారం పెట్టాలి. పడుకుని కళ్లు మూసుకున్నా ఉపశమనం ఉంటుంది.

వాంతులు రాకుండా పెద్దవాళ్లు వేసుకునే మాత్రను విరిచి పిల్లలకు ఇవ్వడం ప్రమాదం. వీటిలో తరచూ ఉండే ప్రోమెథజైన్ రెండేళ్లలోపు పిల్లల్లో ఊపిరిని ప్రమాదకరంగా మందగింపజేయవచ్చు. ఏ మందైనా పిల్లల డాక్టరు చెప్పాకే ఇవ్వాలి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు బంగాళాఖాతం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు వచ్చాక అలలు పెరుగుతాయి. తేదీ ఎంచుకునే వీలుంటే అదే మొదటి మందు.

చిన్న గిన్నెలో పాలు, చిన్నారి ఒంట్లో వేడి

చిన్న గిన్నెలోని పాలు పెద్ద గిన్నెలోని పాల కన్నా త్వరగా చల్లారతాయి. ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కావడమే కారణం. ఘనాకారపు పెట్టె భుజం సగమైతే ఆ నిష్పత్తి రెట్టింపవుతుంది. పిల్లల శరీరానికీ ఈ లెక్కే వర్తిస్తుంది. చుట్టూ చల్లగా ఉంటే త్వరగా చల్లబడతారు, వేడిగా ఉంటే త్వరగా వేడెక్కుతారు. వేడెక్కిన కారులో చిన్నపిల్లల ఒంటి ఉష్ణోగ్రత పెద్దలకన్నా మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా పెరుగుతుంది.

పోర్ట్ బ్లెయిర్ భూమధ్యరేఖకు 12 డిగ్రీల లోపే ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అతినీలలోహిత కిరణాలు తీవ్రంగా ఉంటాయి, తెల్లని ఇసుక వాటిని కొంత తిప్పికొడుతుంది. ఆరునెలల లోపు బిడ్డకు సన్‌స్క్రీన్ కన్నా నీడ, పల్చని నూలు బట్టలు, టోపీ మేలు. పదింటి నుంచి మూడింటి వరకు బీచ్ జోలికి పోకపోవడం అందరికీ మంచిది. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి పాదం కూడా పెట్టనివ్వకూడదు.

నవజాత శిశువు ఒంట్లో దాదాపు 75 శాతం నీరే. అది కొద్దిగా తగ్గినా ప్రమాదం త్వరగా ముంచుకొస్తుంది. విరేచనాలు మొదలైతే మొదట గుర్తురావాల్సింది ఓఆర్‌ఎస్. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరూ వెళ్తుంది. అందుకే ఉత్త నీరు చేయలేని పని ఇది చేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దీంతో వేలమందిని కాపాడారు. ప్యాకెట్ మీద రాసిన కొలత నీటిలో మొత్తం ప్యాకెట్ కలపాలి. సగం పొడి, అందాజా నీళ్లు పనికిరావు. ఆరునెలల లోపు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలే నీరు. కాకపోతే తరచుగా పట్టాలి. మూత్రం తగ్గినా, కళ్లు లోతుకుపోయినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయకూడదు. చిన్న దీవుల్లో ఉండేవి ప్రాథమిక వైద్యకేంద్రాలు. తీవ్రమైన కేసులు పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రికి రావాలి. ఆ పడవ ప్రయాణపు గంటలను కూడా లెక్కలో వేసుకోవాలి.

గడియారం మారదు, సూర్యుడు మారతాడు

మన ప్రామాణిక కాలానికి ఆధారం కాకినాడ సమీపం నుంచి వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. అంటే హైదరాబాద్‌తో పోలిస్తే అక్కడ సూర్యుడు దాదాపు 57 నిమిషాలు ముందుంటాడు. గడియారం మాత్రం అదే. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. వేసవిలో తెల్లవారుజామున అయిదింటికే వెలుగు గదిలోకి వస్తుంది.

పిల్లల జీవగడియారం వెలుగును చూసి నడుస్తుంది. కాబట్టి మొదటి రెండు రోజులు వాళ్లు పెందలాడే నిద్రపోయి, కోడి కూయకముందే లేస్తే కంగారు పడనక్కర్లేదు. భోజనం, నిద్ర ఒక గంట ముందుకు జరిపితే సరిపోతుంది. అమెరికా వంటి దూరదేశాలకు వెళ్లినప్పుడు ఇదే సూత్రం పెద్ద ఎత్తున పనిచేస్తుంది. శరీరం సుమారుగా రోజుకొక గంట చొప్పున సర్దుకుంటుంది. తొమ్మిది, పది గంటల తేడాకు వారం పదిరోజులు కేటాయించాలి. చేరిన రోజునుంచే పగలు వెలుగులో తిప్పడం, రాత్రి చీకట్లో ఉంచడం ఉత్తమ వైద్యం. రెండు మూడు నెలల లోపు శిశువుల్లో ఈ గడియారమే ఇంకా కుదురుకోదు. వాళ్లకు జెట్‌లాగ్ కన్నా తల్లి అలసటే పెద్ద సమస్య.

మన పిల్లల నుంచి దీవికి

ప్రయాణమంటే అక్కడి జబ్బులు మన పిల్లలకు రాకుండా చూసుకోవడమే అనుకుంటాం. అదీ నిజమే. నికోబార్ దీవుల్లో మలేరియా ఇంకా ఉంది. దాన్ని మోసే దోమ ఉప్పు కలిసిన నీటిలోనూ పెరుగుతుంది. దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. కానీ అండమాన్‌లో ప్రమాదం రెండో దిక్కుకూ వెళ్తుంది.

1877లో బయటివాళ్ల నుంచి వచ్చిన తట్టు గ్రేట్ అండమానీస్ తెగలో ఎంతోమందిని బలిగొంది. ఒకప్పుడు వేలల్లో ఉన్న ఆ తెగ ఇప్పుడు కొద్ది పదుల్లో మిగిలింది. 1999లో జారవాల్లోనూ తట్టు వ్యాపించింది. రోగనిరోధకత లేని సమూహంలో ఒక తట్టు రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. రోగి వెళ్లిపోయాక కూడా వైరస్ రెండు గంటల వరకు గాలిలో నిలుస్తుంది. దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందే బిడ్డ దాన్ని వ్యాపింపజేయగలడు. అంటే జ్వరం, జలుబు అనుకునే దశలోనే.

జాతీయ టీకాల పట్టిక ప్రకారం తట్టు టీకా మొదటి మోతాదు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. ప్రయాణానికి ముందు కార్డు తీసి ఇవి పడ్డాయో లేదో చూడాలి. తట్టు ప్రబలిన విదేశానికి వెళ్లే ఆరునెలలు దాటిన బిడ్డకు డాక్టర్లు ముందుగా ఒక అదనపు మోతాదు సూచించవచ్చు. దాన్ని మామూలు మోతాదుల్లో లెక్కించరు. బారాటాంగ్ వెళ్లే దారి జారవా రిజర్వు గుండా పోతుంది. అక్కడ వాహనం ఆపడం, ఫొటో తీయడం, బిస్కెట్లు అందించడం చట్టప్రకారం నేరం. పిల్లవాడి చేతిలోని బిస్కెట్ ప్యాకెట్ ఎందుకు కిటికీ దాటకూడదో వాడికి అర్థమయ్యేలా చెప్పడం కూడా ప్రయాణపు చదువే.

మరి దక్కేదేమిటి?

మూడేళ్లకు ముందు చూసినవి పెద్దయ్యాక దాదాపు గుర్తుండవు. రెండేళ్ల బిడ్డకు సెల్యులార్ జైలు చూపించి జ్ఞాపకాన్ని ఆశించలేం. కానీ జ్ఞాపకం లేకపోతే నేర్చుకోలేదని కాదు. పుట్టిన బిడ్డ ప్రపంచ భాషల్లోని చాలా ధ్వనుల తేడాలను పట్టుకోగలదు. ఇంగ్లిష్ కుటుంబాల శిశువులు ఆరు, ఎనిమిది నెలల వయసులో హిందీలోని ‘త’, ‘ట’ ధ్వనులను వేరుచేయగలిగారనీ, ఏడాది నిండేసరికి ఆ శక్తి బాగా తగ్గిందనీ జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చూపారు. 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు 12 విడతల్లో చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని మనిషి మాట్లాడినప్పుడు పిల్లలు ఆ ధ్వనులను నిలుపుకున్నారు. అదే మాటలు టీవీలో వినిపిస్తే ఫలితం లేదు. తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం, హిందీ ఒకే వీధిలో వినిపించే పోర్ట్ బ్లెయిర్‌లో చంకనెక్కిన పాపాయికి పక్కింటి పిన్ని కబుర్లే పాఠాలు.

నాలుగేళ్లు దాటినవాళ్లకు దీవే ఒక ప్రయోగశాల. పాటు సమయంలో బయటపడే రాళ్లగుంటల్లో పీతలు, సముద్రపు దోసకాయలు కనిపిస్తాయి. ముట్టుకోకుండా చూడాలి. ఆ పాటు మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఎందుకు వస్తుందో చంద్రుణ్ణి చూపించి చెప్పవచ్చు. సూర్యుడు మునిగాక బీచ్ నుంచే హైదరాబాద్‌లోని అమ్మమ్మకు వీడియో కాల్ చేయండి. ఇక్కడ చీకటి, ఆవిడ వెనుక ఇంకా ఎండ. భూమి గుండ్రంగా ఉండి తిరుగుతోందని ఏ బడిలోనూ ఇంత తేలిగ్గా చెప్పలేరు.