దుర్యోధనుడి చిందు కంప్యూటర్‌కు చిక్కేనా?

సదుం: భారతం జరిగే రోజుల్లో అర్జునుడు తపస్సు మాను ఎక్కుతుంటే సంతానం కోరే ఆడవాళ్లు కింద కొంగు పట్టి నిలబడటం పడమటి మండలాల వారికి తెలిసిన దృశ్యమే. రాత్రయితే వీధి నాటకం. కట్టె కిరీటం, అద్దాలు తాపిన భుజకీర్తులు, కాళ్లకు గజ్జెలతో దుర్యోధనుడు గిరగిర తిరుగుతూ తెర దాటి వస్తాడు. ఆ తిరుగుడును ఒక బొమ్మకు నేర్పే విద్య సినిమా వారి దగ్గర ఉంది. దాన్నే మోషన్ క్యాప్చర్ అంటున్నారు.

నటుడి ఒంటిపై కీలు కీలుకూ మెరిసే గోళీల వంటివి అతికిస్తారు. చుట్టూ ఉన్న కెమెరాలు అవి కదిలిన దారిని పట్టి కంప్యూటర్‌కు ఇస్తాయి. ఆ కదలికను బొమ్మకు తొడుగుతారు. రజనీకాంత్ నటించగా 2014లో వచ్చిన 'విక్రమసింహ' ఇలా తీసిందే. కదలిక దొరికింది గానీ ముఖాల్లో జీవం చాలలేదని చాలామంది పెదవి విరిచారు.

అంత హంగు చిన్న స్టూడియోలకు ఎక్కడిది? అయితే ఇప్పుడు దారులు సులువయ్యాయి. సోనీ కంపెనీ 2023లో 'మోకోపి' పేరుతో 6 చిన్న బిళ్లలను అమ్మకానికి పెట్టింది. తలకు, నడుముకు, మణికట్లకు, చీలమండలకు కట్టుకుంటే చాలు, కెమెరాలతో పని లేదు. బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. చిక్కల్లా ఏమంటే, చవక పరికరాలతో బొమ్మ పాదం నేల మీద నిలవక జారుతుంది. దాన్ని తర్వాత చేత్తో దిద్దుకోవలసిందే.

వీధి నాటకానికి వేరే తంటా ఉంది. భుజకీర్తుల అద్దాలు మెరిస్తే కెమెరాలు వాటినీ గోళీలే అనుకుంటాయి. పోనీ వేషం తీసి ఆడమంటే ఆ నడక రాదు. కిరీటం బరువు మెడను నిలబెడితేనే అది దుర్యోధనుడి నడక. అద్దాలకు నల్లగుడ్డ చుట్టి, బరువు మాత్రం ఉంచి ఆడించడం మేలు.

అసలు ప్రశ్న కూలిది. ఒక రాత్రి పట్టిన చిందును ఎన్ని బొమ్మలకైనా, ఎన్నేళ్లయినా తొడగవచ్చు. ఆడినవాడికి దక్కేది ఒక రాత్రి సంభావనేనా? 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుడికీ హక్కు ఇచ్చింది. నటుడు, నర్తకుడే కాదు, గారడీవాడు, పాములవాడు కూడా చట్టం లెక్కలో ప్రదర్శకులే. హక్కు 50 ఏళ్లు ఉంటుంది.

కానీ సినిమాలో వాడుకోండని సంతకం పెట్టాక, వేరే షరతు రాసుకోకుంటే, నిర్మాతను ఆపే వీలు లేదు. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడగవచ్చునని 2012 సవరణ చెబుతోంది. కాబట్టి బిళ్లలు కట్టించుకునే ముందే ఏ బొమ్మకు, ఎన్ని సినిమాలకు, ఎంత సొమ్ముకు అన్నది తెలుగులో రాయించుకుని, చదివించుకుని, ఒక నకలు దగ్గర పెట్టుకోవాలి.